పదకొండో గూటి దగ్గర అన్న మాట

ఆ సొరంగంలో ఎవరూ ‘వస్తా’ అనరు.

మనం ఎవరింటికి వెళ్ళినా, లేచి బయల్దేరేటప్పుడు ‘వస్తా’ అనే అంటాం కదా. ‘పోతా’ అంటే చిన్నప్పుడు అమ్మ మూతి మీద ఒకటిచ్చేది. ఆ ఊళ్ళో మాత్రం, పాత రైలు సొరంగం కమాను కింద, ఎంతటివాడైనా ‘పోతా’ అనే అంటాడు. అనేసి, వెనక్కి చూడకుండా బయటపడతాడు. ఎందుకూ అంటే... చెప్తాను. మధ్యలో అడ్డు తగలకండి, నాకు అసలే ఓపిక తక్కువ.

సొరంగం నిన్నా మొన్నటిది కాదు. కొండని మనుషులు చేతులతో తొలిచిన కాలంనాటిది. కమాను నెత్తిన రాతిలో చెక్కిన సంవత్సరం ఉంది కానీ, అందులో రెండంకెలు పాచిపట్టి కనపడవు. లోపలంతా ఇటుక పని. మధ్యలో ఒక వంపు. అందుకని ఈ చివర నిలబడితే ఆ చివరి వెలుతురు కనపడదు. రైలొస్తే పనివాళ్ళు ఒదిగి నిలబడటానికి గోడలో మనిషెత్తు గూళ్ళు కట్టారు. మొత్తం ఇరవై ఒకటి. వంపు దగ్గరిది పదకొండోది.

రైళ్ళు కొత్తదారి పట్టి, పాత పట్టాలు పీకేసి చాలా ఏళ్ళయింది. బయట ఎండ పేలిపోతున్నా, ఆ పదకొండో గూటి దగ్గర ఎప్పుడూ రాత్రే.

ఈ సంగతి జరిగింది ఫ్యూజుకి.

ఫ్యూజు అంటే ఆ ఊరి ఎలక్ట్రీషియను. అసలు పేరేదో ఉంది, పిలిచేవాళ్ళే లేరు. చిన్న మాటకే ఎగిరిపోతాడని ఊరు పెట్టిన పేరది. పనిలో మాత్రం వంక పెట్టలేం. ఒక్కటే వింత అలవాటు — పని అయ్యాక, బిగించిన లైటు మీదో బోర్డు మీదో చెయ్యేసి, మనిషికి చెప్పినట్టు “ఇక వస్తా, బుద్ధిగా ఉండు” అని చెప్పిగానీ కదలడు. జనం నవ్వేవాళ్ళు. నవ్వితే నవ్వారు, ఆయన పెట్టిన లైటు మళ్ళీ రిపేరుకొచ్చింది లేదు.

ఆ సొరంగాన్ని జనానికి చూపిద్దామని ఊరి ఆఫీసువాళ్ళకి బుద్ధి పుట్టింది. గూటికో లైటు పెట్టమని పని ఫ్యూజుకిచ్చారు. మర్నాడు పొద్దున్నే ప్రారంభం. మధ్యాహ్నానికి ఇరవై లైట్లు వెలిగాయి. పదకొండోది వెలగనంది.

సరిగ్గా ఆ రోజే ఆయన భార్యకి నొప్పులొచ్చాయి.

పెళ్ళయిన తొమ్మిదేళ్ళకి నిలబడిన కడుపు అది. అంతకుముందు రెండుసార్లు పోయింది. అందుకే ఈసారి కడుపు నిలబడినప్పట్నించీ ఆ ఇంట్లో ‘పోవడం’ అన్న మాటే లేదు. కరెంటు పోతే ‘కరెంటు లేదు’ అంటారు. గిన్నె చెయ్యిజారి సొట్టపోతే ‘సొట్టపడింది’ అంటారు. బజారుకి పోయి రమ్మనడం కూడా ఉండదు, వెళ్ళి రమ్మంటారు. ఎలక్ట్రీషియను అయ్యుండి ‘ఫ్యూజు పోయింది’ అనకుండా ఇన్ని నెలలు నెట్టుకొచ్చాడంటే చూడండి మరి.

నాలుగింటికి అత్తగారు ఫోన్ చేసింది. సొరంగం లోపల ఫోన్ పలకదు, కమాను దాటి బయటికొస్తేనే. వైరు చుట్ట తీసుకోవడానికి అప్పుడే బయటికొచ్చాడు కాబట్టి దొరికాడు.

“బాబూ, ఆసుపత్రికి తీసుకొచ్చాం. ఇంకా టైముందంటున్నారు. మీరు ఆ పని చూసుకునే రండి.”

“అరగంటలో ఉంటానత్తయ్యా.”

లోపలికి వెళ్ళి, పదకొండో లైటు విప్పి, వైరు మార్చి మళ్ళీ బిగించాడు. వెలిగింది. సొరంగం సంగతి మరిచి, అలవాటు ప్రకారం దాని మీద చెయ్యేశాడు.

“ఇక వస్తా. బుద్ధిగా ఉండు.”

కమాను దగ్గరికొచ్చి వెనక్కి చూస్తే, వంపు గోడ మీద పడాల్సిన వెలుగు లేదు. ఆరింది.

కమాను బయట స్టూలు మీద కాపలా తాత కూర్చుని ఉన్నాడు. ఆ ముసలాయన ఎన్నేళ్ళుగానో అక్కడే కాపలా. స్టూలు ఎప్పుడూ కమాను గీతకి బెత్తెడు ఇవతలే. వాన కురిసినా సరే, గొడుగేసుకుని బయటే కూర్చుంటాడు గానీ కమాను కిందికి జరగడు.

“లోపల ఎవరితో మాట్లాడావు అబ్బాయీ?”

“లైటుతో.”

“ఏమన్నావు?”

“ఏమంటాను? వస్తా అన్నాను.”

తాత మొహం మాడిపోయింది. “ఆ మాట లోపల అనకూడదు నాయనా. వెళ్ళి... ‘పోతా’ అని చెప్పు.”

ఫ్యూజుకి అక్కడే సగం ఎగిరింది. “తాతా, నా భార్య ఆసుపత్రిలో ఉంది. ఈ రోజు నా నోటెంట ఆ మాటా? నీకు వేరే పని లేదా?”

ఇంతలో ఆఫీసు ఇంజనీరు ఫోను. అన్నీ వెలిగితేనే కదలాలట. రేపు పెద్దవాళ్ళొస్తున్నారట. పరువట. ఫ్యూజు పళ్ళు నూరుకుంటూ మళ్ళీ లోపలికి నడిచాడు. పదకొండు గూళ్ళు లెక్కపెట్టుకుంటూ వెళ్ళాడు. చూస్తే వైరు బాగానే ఉంది, బల్బూ బాగానే ఉంది. ఊరికే అలా చెయ్యి తగిలిస్తే చాలు, వెలిగింది.

“ఏం ఆటలా?” అన్నాడు దాంతో. “నాకు పనుంది. వస్తా.”

మళ్ళీ అన్నాడు. అలవాటు అలాంటిది. నోరు ముందు, బుద్ధి వెనక.

ఆ మాట అన్నాక గూటి వెనకాల ఇటుకల్లోంచి చప్పుడు వినిపించింది.

టక్... టక్... టక్.

నీటి చుక్కేమో అనుకున్నాడు. చెమ్మ సొరంగం, చుక్కలు పడకేం చేస్తాయి. బయటికొచ్చాడు.

కమాను దాటగానే ఫోన్ మోగింది. ఈసారి అత్తగారి గొంతు వేరేలా ఉంది.

“బాబూ... బిడ్డ కిందికి దిగడం లేదట. లోపలే ఆగింది. గుండె చప్పుడు నెమ్మదిస్తోందట. ఆపరేషనంటున్నారు. భర్త సంతకమే కావాలంటున్నారు, నాది చెల్లదట. ఎక్కడున్నారు మీరు?”

“వస్తున్నా. బయల్దేరా.”

బండి దగ్గరికి పరిగెత్తి జేబులో చెయ్యి పెట్టాడు. తాళంచెవి లేదు. ఈ జేబులో లేదు, ఆ జేబులో లేదు. పనిముట్ల సంచి కూడా చేతిలో లేదు. రెండూ పదకొండో గూట్లో ఉన్నాయి.

ఆసుపత్రి ఊరికి అవతల చివర. అటుగా వచ్చే బండి ఏదీ లేదు. ఫ్యూజు నెత్తి కొట్టుకున్నాడు. తిట్టుకున్నాడు. తనని, ఇంజనీరుని, సొరంగం తొలిచినవాణ్ణి, ఎవర్నీ వదలలేదు. వెనక్కి తిరిగేసరికి తాత వచ్చి ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

“ఒక్క నిమిషం విను. రెండోసారి కూడా అన్నావా?”

“అన్నాను. అయితే?”

“ముప్పై అయిదేళ్ళ కిందట ఇక్కడ ఇటుకలు వదులైతే, ఇద్దరు తాపీమేస్త్రీలు పనికొచ్చారు. జోడీ. ఒకే కంచంలో తిన్నవాళ్ళు. పదకొండో గూటి దగ్గర కప్పు దిగింది. ఒకడు ఇవతల, ఒకడు అవతల. మధ్యలో... చెయ్యి పట్టేంత సందు. అవతలవాడు తాపీతో గోడ మీద కొట్టేవాడు. మూడు దెబ్బలు. ఆగి, మళ్ళీ మూడు. ఇవతలవాడు సందులోంచి వాడి చెయ్యి పట్టుకుని చెప్పాడు — ‘వస్తా, మనుషుల్ని పట్టుకొస్తా’ అని.”

“వచ్చాడా?”

“మనుషులొచ్చారు. వాడు రాలేదు.” తాత గొంతు తగ్గింది. “భయపడ్డాడు. మట్టి తీసేసరికి రెండ్రోజులైంది. ఆ రెండ్రోజులూ లోపల్నించి అదే చప్పుడట. తీసేసరికి ప్రాణం లేదు.”

“మరి ఆ రానివాడేమయ్యాడు?”

తాత అటు తిరిగాడు. “ఎవరికి తెలుసు. అదొద్దు ఇప్పుడు. ‘వస్తా’ అంటే మనకి సెలవు తీసుకునే మాట. వాడికి మాత్రం మాట ఇవ్వడం. ఎవరన్నా తనతోనే అన్నారనుకుంటాడు. ఎదురుచూస్తాడు. నువ్వు రెండుసార్లు మాటిచ్చావు. తాళంచెవి తీసుకుని, ‘పోతా’ అని గట్టిగా చెప్పి రా నాయనా. నీకు దణ్ణం పెడతా.”

“చెప్పను,” అన్నాడు ఫ్యూజు. “అక్కడ బిడ్డ గుండె నెమ్మదిస్తోందంటే ఇక్కడ నన్ను ఆ మాట అనమంటావా? ఏమీ అనను. నోరు కుట్టేసుకుని వస్తాను, సరేనా.”

వెళ్ళాడు. పదకొండో లైటు మళ్ళీ ఆరి ఉంది. వెలిగించలేదు. చీకట్లో తడిమి సంచి భుజానేసుకుని, తాళంచెవి పిడికిట్లో బిగించి, పెదవులు అదిమిపట్టి వెనక్కి తిరిగాడు.

పదో గూడు. తొమ్మిది. ఎనిమిది. పరిగెత్తాడు. లైట్లన్నీ వెలుగుతున్నాయి. నాలుగు. మూడు. రెండు. ఒకటి... ఇక కమాను.

కమాను లేదు. ఎదురుగా ఆరిపోయిన లైటు. కింద తను చుట్టి పడేసిన పాత వైరు ముక్క.

పదకొండో గూడు.

దారి తప్పానేమో అనుకున్నాడు. ఏం దారి తప్పుతాడు, ఉన్నది ఒకటే దారి. మళ్ళీ తిరిగాడు. ఈసారి పరిగెత్తలేదు, ఒక్కో గూడూ చేత్తో తాకుతూ, లోపల్లోపల లెక్కపెడుతూ నడిచాడు. పది. తొమ్మిది... మూడు. రెండు. ఒకటి. అరచేతికి చల్లటి ఇటుక తగిలింది. తలెత్తాడు.

పదకొండు.

భయం రాలేదండీ ఆయనకి. అదే విచిత్రం. ఒళ్ళంతా విసుగు. అరికాలి నుంచి నడినెత్తి దాకా మండుకొచ్చిన విసుగు. తొమ్మిదేళ్ళు ఎదురుచూసి, సరిగ్గా ఈ పూట, ఒక సంతకం దూరంలో, ఇటుక గోడ అడ్డం. చేతిలో తాళంచెవి ఉంది. బయట బండి ఉంది. అక్కడ కాగితం ఉంది. మధ్యలో తనొక్కడు గానుగెద్దులా తిరుగుతున్నాడు.

సరే, అనేద్దాం. ఒక్క ముక్కే కదా. గోడకేసి తిరిగాడు.

“పో...”

అక్కడే ఆగింది. కళ్ళముందు భార్య. బల్ల మీద పడుకుని తలుపుకేసి చూస్తోంది. ఆ మాట ఇక్కడ అంటే అక్కడ తగిలితే? రెండుసార్లు తగిలిన ఇల్లది. మూడోసారి తన నోటెంటేనా?

నోరు మూసేశాడు.

టక్... టక్... టక్.

ఇటుకల వెనకాల నుంచి. నీటి చుక్క కాదు. ఇనుము ఇటుకకి తగిలిన చప్పుడు.

తర్వాత గొంతు. గొంతు కూడా కాదు, ఊపిరి.

“వస్తానన్నావుగా...”

అప్పుడెగిరింది ఫ్యూజు. సంచి తీసి నేలకేసి కొట్టాడు. కటింగ్‌ప్లేయరు ఎగిరి గోడకి తగిలింది.

“వచ్చానయ్యా,” అని అరిచాడు. “వచ్చాను. ఒక్కసారా? నాలుగుసార్లు వచ్చాను. లైటుకని వచ్చాను, తాళంచెవికని వచ్చాను, దారి తెలీక వచ్చాను. ఇదిగో, నీ ఎదురుగానే ఉన్నాను, వచ్చాను. ఇంకేం కావాలి నీకు? నీకోసం వచ్చినవాడు లేడు, నిజమే. అన్యాయమే. నా బిడ్డ కూడా అక్కడ లోపలే ఆగి ఉంది, ఆ బిడ్డ దగ్గరికి వెళ్ళేవాడు కూడా లేడు. నేనొక్కణ్ణే ఉన్నాను. నీ దగ్గరికి వచ్చాను కదా... ఇక నన్నొదిలెయ్యి.”

చివరికొచ్చేసరికి అరుపు ఏడుపైంది. గోడకి నుదురానించి వెక్కాడు.

చప్పుడు ఆగింది.

తర్వాత ఇటుకల వెనకాల ఎవరో బరువు దించుకున్నట్టు ఒక నిట్టూర్పు.

“వచ్చావు... చాలు.”

పదకొండో లైటు వెలిగింది. ఫ్యూజు చెయ్యి దాని మీద లేదు. ఆ గొంతే, ఈసారి తేలిగ్గా, పని ముగించుకుని పనిముట్లు కడుక్కున్న మేస్త్రీ సెలవు తీసుకున్నట్టు అంది —

“అయితే నేను వస్తా.”

ఫ్యూజు చేతి వాచీ చూసుకున్నాడు. ఎందుకు చూసుకున్నాడో ఆయనకే తెలీదు. ఆరూ పన్నెండు. చుట్టూ చూస్తే, వంపు దాటాక కమానులోంచి సాయంత్రపు వెలుతురు కనిపిస్తోంది. పరిగెత్తాడు. ఈసారి ఒకటో గూడు తర్వాత ఆకాశం వచ్చింది.

బయట తాత నిలబడి ఉన్నాడు. స్టూలు పక్కకి పడి ఉంది. ముసలాయన ఒక కాలు కమాను గీత లోపల ఉంది.

“ఏమన్నాడు?” అని అడిగాడు తాత. ఏమైందని కాదు, గమనించారా. ఏమన్నాడని.

“నేను వస్తా అన్నాడు తాతా,” అని బండి కిక్కు కొట్టి వెళ్ళిపోయాడు ఫ్యూజు.

ఆసుపత్రి వరండాలో అత్తగారు కాగితం పట్టుకుని ఎదురొచ్చింది. ఆయన రొప్పుతూ జేబులో పెన్ను తీశాడు. “ఎక్కడ పెట్టాలత్తయ్యా సంతకం?”

“అక్కర్లేదు బాబూ.”

ఆ రెండు మాటలకి ఆయన అక్కడే కూలబడ్డాడు. అక్కర్లేదు అంటే? గోడ పట్టుకుని పైకి చూశాడు. అత్తగారు కొంగు నోట్లో కుక్కుకుంది. నవ్వో ఏడుపో తెలీలేదు.

“పుట్టాడు. ఆపరేషను గదిలోకి తీసుకెళ్తుంటే, తలుపు దగ్గరే, ఎవరో పంపించినట్టు తనంతట తనే వచ్చేశాడు. తల్లీ బిడ్డా బాగున్నారు. ఆరూ పన్నెండుకి.” అని, అప్పుడు గుర్తొచ్చి తిట్టింది. “అరగంట అంటే రెండు గంటలా? ఏ రకం మనిషి మీరు?”

లోపల భార్య పక్కన బిడ్డ. ఊపిరి బాగుంది, రంగు బాగుంది, డాక్టరమ్మ రెండుసార్లు చూసి ఏ లోపమూ లేదంది. ఒక్కటే — ఏడవలేదు. పుట్టినప్పట్నించీ ఒక్క కేకైనా లేదు. కళ్ళు పెద్దవి చేసుకుని పైన ట్యూబులైటుకేసి రెప్పవెయ్యకుండా చూస్తున్నాడు.

“చూడు,” అంది భార్య. “వెలుతురు చూసి ఎన్నేళ్ళయినట్టు చూస్తున్నాడు.”

“ఎన్నేళ్ళేంటి, ఇప్పుడేగా పుట్టింది,” అని విసుక్కున్నాడు ఫ్యూజు. కానీ తనూ తలెత్తి ఆ లైటుకేసి చూశాడు.

పొద్దున ఇంజనీరు ఫోన్ చేశాడు. ఇరవై ఒక్క లైట్లూ వెలిగాయట, పెద్దవాళ్ళు మెచ్చుకున్నారట. ఫ్యూజు సగంలోనే ఫోను పెట్టేశాడు. తలెత్తితే, వార్డు గుమ్మం బయట కాపలా తాత. ఉతికిన చొక్కా, తడిపి దువ్విన జుట్టు. గడపకి బెత్తెడు ఇవతలే నిలబడ్డాడు, సొరంగం దగ్గర నిలబడినట్టే.

“లోపలికి రా తాతా. అక్కడ నిలబడితే ఏం కనపడుతుంది?”

ముసలాయన గడపకేసి చాలాసేపు చూశాడు. తర్వాత కాలు లోపల పెట్టాడు. మంచం దాకా నడవడానికి ఎంతసేపు పట్టిందని. బిడ్డ మీదికి వంగి, ఎవరికీ వినపడనంత మెల్లగా అన్నాడు.

“వచ్చాన్రా.”

బిడ్డ ట్యూబులైటు మీంచి కళ్ళు తిప్పి, ముసలి మొహంకేసి చూశాడు. చూసి, గుక్కపెట్టి ఏడ్చాడు. పుట్టాక మొదటిసారి. వార్డంతా అదిరిపోయేలా. తాత వేలు పట్టుకుని వదల్లేదు, ఏడుపూ ఆపలేదు. తాత కూడా ఆపలేదు.

ఆ రానివాడేమయ్యాడో ఫ్యూజుకి అప్పుడు తెలిసింది. ఆయనకి జాలి వెయ్యలేదట ముందు, ఒళ్ళు మండిందట. ఈ ఒక్క ముక్కా ముప్పై అయిదేళ్ళ కిందట లోపలికెళ్ళి చెప్పడానికి ఏం రోగం? బెత్తెడు దూరంలో స్టూలేసుకుని కూర్చుంటే సరిపోయిందా? ఇంతా అడుగుదామనుకుని, ఆ ముసలి వేలు చూసి ఊరుకున్నాడు.

తాత లేచి గుమ్మం దాకా వెళ్ళి, అలవాటుగా “ఇక పోతాను,” అన్నాడు.

ఇవేవీ తెలియని భార్య మంచం మీంచి కసిరింది. “అదేం మాట తాతా, పసివాడి దగ్గర? వస్తానని చెప్పాలి.”

తాత బిడ్డకేసి చూశాడు.

“వస్తా,” అన్నాడు.

వచ్చాడు. ఇంటికి చేరిన దగ్గర్నించి రోజూ సాయంత్రం ఆరింటికి గుమ్మంలో “వచ్చాన్రా” అని వినపడేది. పది నెలల్లో ఒక్కరోజు తప్పలేదు. ఇప్పుడు సొరంగంలో ఏ చప్పుడూ లేదట. అయినా జనం ‘పోతా’ అనే అంటున్నారు. భయం తగ్గినా అలవాటు తగ్గదు కదా.

ఇక్కడితో ఆపేస్తే బాగుండేది. కానీ ఒకరోజు కుండపోతగా వాన. తాతకి రెండ్రోజులుగా జ్వరం, ముందురోజు కూడా వణుక్కుంటూనే వచ్చాడు. ఆరు దాటింది. ఆరున్నరైంది. గుమ్మంలో ఎవరూ లేరు. ఫ్యూజు టేబుల్‌ఫ్యాను విప్పుకుని కూర్చున్నాడు. ఇంకా మాటలు రాని బుడ్డోడు నేల మీద చెంచాతో ఆడుతున్నవాడల్లా ఆగి, గుమ్మంకేసి చూశాడు. చెంచా పట్టుకుని, పాక్కుంటూ గోడ దగ్గరికి వెళ్ళాడు.

టక్... టక్... టక్.

ఆగాడు. చెవి గోడకి ఆనించాడు. మళ్ళీ మూడు.

ఫ్యూజు చేతిలో స్క్రూడ్రైవరు జారింది. గొడుగు కూడా తీసుకోకుండా లేచాడు, తాతని ఎత్తుకునైనా తీసుకురావాలని. గుమ్మంలో ఆగి, కొడుకుకేసి తిరిగి, అలవాటుగా ‘వస్తా’ అనబోయి, నాలుక కరుచుకున్నాడు.